ఆదివారం మీటింగ్: ఉద్యోగం, ఫీల్డ్ మారాలనుకునేవాళ్లకు

బ్యాచ్ మిత్రులందరికీ నమస్తే!

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు గూగుల్ మీట్‌లో కలుద్దాం. లింక్ శనివారం రాత్రి పెడతాను.

మెకానికల్ నుంచి డేటా ఉద్యోగాల వైపు వెళ్లాలనుకునేవాళ్లు, పిల్లల కోసం ఉద్యోగం ఆపి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు తప్పకుండా రండి.

రెజ్యూమే శుక్రవారంలోగా నాకు విడిగా పంపండి. గ్రూప్‌లో వద్దు, ఫోన్ నంబర్లు ఉంటాయి. రెండు పేజీలు చాలు. పాత పనిలో కొత్త ఉద్యోగానికి పనికొచ్చేది పైనే రాయండి. ప్లాంట్‌లో ఎక్సెల్ రిపోర్టులు చేసిన మనవాళ్లు అదేం గొప్ప అని వదిలేస్తున్నారు. అదే ముందు రాయాలి!

డబ్బు తీసుకుని దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనేవాళ్ల జోలికి పోవద్దు. వెరిఫికేషన్‌లో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ (ఏ కంపెనీలో ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారో చూపే రికార్డు) అడిగితే దొరికిపోతారు.

ఆఫర్ లెటర్ చేతికి రాకుండా రిజైన్ చేయకండి. నోటీస్ పీరియడ్ 60 రోజులా, 90 రోజులా ముందే చూసుకోండి. మారాక పాత పీఎఫ్ తీసేయకుండా ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి. 5 ఏళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడొచ్చు.

హెచ్‌ఆర్‌లో ఉన్నవాళ్లు ఒక గంట ఇవ్వండి, ప్లీజ్. మాక్ ఇంటర్వ్యూలు (ప్రాక్టీస్ కోసం) మీరే చేయాలి.

వచ్చేవాళ్లు కింద పేరు పెట్టండి. ఉత్త బొటనవేలు గుర్తు లెక్కలోకి రాదు 😄