మడ మొక్కలు నాటే ముందు బురదను కొలవండి

సంపాదకుడి గారికి,

2023-24 కేంద్ర బడ్జెట్‌లో మడ అడవులు పెంచేందుకు 'మిష్టి' పథకం ప్రకటించాక తీరమంతా మడ మొక్కలు నాటాలన్న మాట జోరందుకుంది. మంచిదే. కానీ మన శ్రీకాకుళం జిల్లాలో ఉన్న మడ ఎంత, అందులో ఏయే రకాలున్నాయో ముందు తేల్చండి.

భావనపాడు ఉప్పుటేరు వెంబడి గానీ, కళింగపట్నం దగ్గర వంశధార మొగలో గానీ మడ కోరంగిలా విశాలంగా ఉండదు. ఏటి అంచున పేలికలు పేలికలుగా ఉంటుంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహ చిత్రాలతో వేసే లెక్కలోకి హెక్టారు కంటే చిన్న ముక్క ఎక్కదు. లెక్కకెక్కని దాన్ని రొయ్యల చెరువు గట్టు కోసం కొట్టేసినా కాగితం మీద నష్టమే ఉండదు.

కొలవడం బ్రహ్మవిద్యేమీ కాదు. నీటి అంచు నుంచి గట్టు దాకా వరసగా చదరాలు గీసి, ప్రతి చెట్టు రకం, 1.3 మీటర్ల ఎత్తున మాను చుట్టుకొలత రాసుకోవాలి. ఊడవేర్లుండే పొన్నకైతే వేర్లకు పైన కొలవాలి. అసలు సరుకు, అంటే మడ దాచుకునే కర్బనం, మాత్రం కింద బురదలో ఉంది. సగానికి చీల్చినట్టుండే ఇనుప గొట్టాన్ని మీటరు లోతుకు దించి, తిప్పి లాగితే కుళ్లిన గుడ్ల వాసనతో నల్లటి బురద వస్తుంది. గాలి ఆడని ఆ బురదలో ఆకూ వేరూ త్వరగా చివకవు, కర్బనం అక్కడే ఉండిపోతుంది. ఇండో-పసిఫిక్ మడ అడవుల మీద 2011లో వెలువడిన అధ్యయనంలో హెక్టారుకు సగటున సుమారు 1,000 టన్నుల కర్బనం తేలింది, అందులో ఎక్కువ భాగం మట్టిలోదే. ఆ అంకెను తెచ్చి మన ఉప్పుటేర్లకు అతికిస్తే చెల్లదు. గొట్టం ఇక్కడే దించాలి.

రకాలు ఎన్నో తెలిస్తే చాలదు, ఏది ఎంత ఉందో కూడా చూడాలి. వందలో తొంభై అయిదు తెల్ల మడే అయితే దానికి ఆకు తినే గొంగళి పట్టిన ఏడు తోపంతా మోడవుతుంది. నాటేవాళ్లేమో సులువుగా బతికే ఒక్క రకాన్నే వేసి ఫొటో దిగుతారు. పాలు కంట్లో పడితే చూపు పోతుందని భయపడే తిల్ల అనే మడ చెట్టును ఎవరు నాటుతారు? పోటు తీసినప్పుడు తేలే బురద మేటల్లోనూ మొక్కలు పాతేస్తే వలస పక్షుల మేత పోతుంది.

ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయం, డిగ్రీ కాలేజీల వృక్షశాస్త్రం పిల్లలతో అటవీ శాఖ ఈ పని చేయించవచ్చు. ఏటి లోతుపాతులు తెలిసిన మత్స్యకారులను కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లాలి, ఊరికే కాదు. చెట్లకు నంబరు బిళ్లలు కొట్టి, అంకెలను తీర గ్రామాల సచివాలయాల్లో తెలుగులో అంటించాలి. అప్పటిదాకా నాటే బిల్లులు ఆపండి.

- విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, టెక్కలి