మనిషిని ఎత్తే తాడుకు రిజిస్టర్ ఉందా?

సంపాదకుడు గారికి నమస్కారం.

గత వారం మీ జిల్లా ఎడిషన్‌లో విశాఖ తెన్నేటి పార్కు దగ్గర తాళ్లతో మనుషుల్ని కాపాడే జట్టు చేసిన మాక్ డ్రిల్ గురించి పెద్ద ఫోటోతో వార్త వేశారు. అత్యాధునిక పరికరాలు వచ్చేశాయనీ, కొండల మీదా తీరం రాళ్లలోనూ ఎవరు చిక్కుకున్నా ఇక బెంగ లేదనీ సారాంశం. మీ విలేకరిని తప్పుపట్టను, చేతికిచ్చిన ప్రెస్ నోటు అలాగే ఉండి ఉంటుంది. కానీ నేను ఉద్యోగమంతా ఒక పెద్ద కర్మాగారంలో, తాళ్లతో గొలుసులతో బరువులెత్తే రిగ్గింగ్ సెక్షన్‌లో గడిపినవాణ్ని. పైగా ఆ ఉదయం వాకింగ్‌కి వెళ్లి బారికేడ్ వెనక నిలబడి మొదట్నుంచీ చూసినవాణ్ని. ఈ ఊళ్లో రిటైర్డ్ నేవీవాళ్లకూ ఇంజనీర్లకూ కొదవ లేదు కదా, వాళ్లలో ఎవరో ఒకరు రాస్తారని ఆగాను. ఎవరూ రాయలేదు.

ఆ ఫోటో మళ్లీ ఒకసారి చూడండి. అధికారి గారి చిరునవ్వు పక్కన పెట్టి, ఎడమ పక్క మూల చూడండి. తాడు దేనికి కట్టారు? పార్కు రెయిలింగుకు. పిల్లలు అటు వెళ్లకుండా పెట్టిన గొట్టం అది. ఎదురుగా సముద్రం, ఏడాది పొడుగునా ఉప్పు గాలి. పై నుంచి ఎన్ని పూతలు వేసినా లోపల తుప్పు తినేస్తుందని బీచ్ రోడ్డులో స్కూటర్ పెట్టుకునే ప్రతి ఒక్కరికీ తెలుసు. దానికి ఇద్దరు మనుషుల బరువు వేలాడదీశారు. పక్కనే డిపార్ట్‌మెంటు వాహనం నిలబడి ఉంది, అంతకన్నా గట్టిది. కానీ దాని ముందు బ్యానర్ కట్టారు, కదపడానికి వీల్లేదు!

ఇంకొంచెం కిందికి చూడండి. రెయిలింగు స్తంభాలు రెండింటికి తాడు కట్టి మధ్యలోంచి దించారు. రెండు చోట్ల కట్టాం కాబట్టి బరువు సగం సగం పడుతుందని వాళ్ల లెక్క. తాడు ఆ రెండు పాయలూ దగ్గరగా ఉంటేనే ఆ లెక్క. మధ్య కోణం 120 డిగ్రీలు అయిందంటే 200 కిలోల బరువుకు ఒక్కో వైపూ 200 కిలోలే పడుతుంది. 150 డిగ్రీలకు పోతే ఒక్కో వైపూ దాదాపు రెట్టింపు. ఫోటోలో ఆ తాడు దాదాపు దండెంలా అడ్డంగా సాగి ఉంది. మా సెక్షన్‌లో కొత్తగా చేరిన ఖలాసీకి, అంటే బరువులెత్తే పనివాడికి, మొదటి వారంలో నేర్పే పాఠం ఇది. స్లింగు, అంటే బరువుకు చుట్టి ఎత్తే తాడు, దాని కోణం ఎక్కువైతే మేస్త్రీ తిట్లు కర్మాగారం గేటు దాకా వినపడేవి.

ఇక రాయి అంచు. తాడు నేరుగా రాతి మొనకు ఒరుసుకుంటూ దిగింది. లాగినప్పుడల్లా ఒకే చోట రాపిడి. కింద ఒక కాన్వాసు గుడ్డ గానీ, రోలరు గానీ, చివరికి చిరిగిన ట్యూబు ముక్క గానీ లేదు. మధురవాడలో అపార్ట్‌మెంట్లకు రంగులేసే కుర్రాళ్లను చూడండి. పలక మీద కూర్చుని ఒక్క తాడు మీద వేలాడతారు, రెండో తాడు ఉండదు, అది చాలా ప్రమాదం, ఆ బిల్డర్లను అడిగేవాడు లేడు. అయినా ఆ కుర్రాళ్లు పిట్టగోడ అంచున గోనెసంచి మడతపెట్టి దాని మీదుగా తాడు వదులుతారు. రోజు కూలికి పనిచేసే పిల్లాడికి ఉన్న ఆ పాటి ఆలోచన లక్షల టెండరుకు రాకపోవడం ఏమిటి?

హార్నెస్, అంటే ఒంటికీ కాళ్లకూ బిగించే పట్టీలు, వేసి కిందికి దించిన కుర్రాడి సంగతి మీ వార్తలో లేదు. 'బాధితుడి' వేషం వేసిన వాలంటీరు అతను. సగం దూరం పైకి లాగాక ముఖ్య అతిథి కారు వచ్చింది. అంతే, అందరూ అటు పరుగెత్తారు. పిల్లాడు గాల్లో వేలాడుతూనే ఉన్నాడు. పూలబొకే అయింది, శాలువా అయింది, నాలుగు మాటలు కూడా అయ్యాయి. హార్నెస్‌లో కదలకుండా వేలాడితే కాళ్ల పట్టీలు ఒత్తి రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, స్పృహ తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. దీనికి గంటలు అక్కర్లేదు, ఒక్కోసారి నిమిషాలే చాలు. అతనికి ఏమీ కాలేదు. అతని అదృష్టం, మనందరి అదృష్టం.

మళ్లీ లాగడం మొదలుపెట్టాక ఒకరు లాగు అంటారు, ఒకరు ఆపు అంటారు, ఇంకొకరు వదులు అంటారు. కెమెరా పట్టుకున్న ఒకాయన 'సార్, ఇంకోసారి కిందికి దించండి, సరిగా పడలేదు' అన్నాడు. దించారు కూడా! మా ఖలాసీ జట్టులో సైగ చేసేవాడు ఒక్కడే. హాబీస్ అంటే పైకి, ఆరియా అంటే కిందికి, ఆ రెండు మాటలూ వాడి నోటి నుంచే రావాలి. మేనేజరు వచ్చి అరిచినా క్రేన్ ఆపరేటరు కదపడు. కానీ 'ఆపు' మాత్రం ఎవరైనా అనవచ్చు, టీ తెచ్చిన కుర్రాడు అన్నా ఆగాల్సిందే. రోప్ రెస్క్యూ జట్లదీ ఇదే పద్ధతి. నాయకుడు ఒకడు, అంచు దగ్గర నిలబడి కిందికి చూస్తూ చెప్పేవాడు ఒకడు, మెయిన్ తాడు చూసేవాడు ఒకడు. రెండో తాడు వేరే చోట కట్టి, వేరే మనిషి చేతిలో ఉండాలి. మొదటిది తెగినా, కట్టిన చోటు ఊడినా, ఆ రెండోదే దిక్కు. దిగే ముందు ఒకరి బకిళ్లు ఇంకొకరు చేత్తో పట్టి చూడాలి. గాలి హోరులో మాట వినపడదు కాబట్టి ఈల. ఒక ఈల ఆపమని, రెండు పైకి, మూడు కిందికి, చాలా జట్లలో ఇదే వాడుక. ఆ రోజు ఈల ఉన్నది ట్రాఫిక్ కానిస్టేబుల్ దగ్గరే.

ఇంత దూరం రాశాక అసలు విషయం చెప్పాలి. డ్రిల్ అయ్యాక తాడు ఎలా సర్దారో చూశాను. తడి, ఇసుక ఉన్నవి ఉన్నట్టే చుట్టచుట్టి వాహనం వెనకాల, బ్యాటరీ పక్కన, డీజిల్ క్యాను మీద పడేశారు. నైలాన్ తాడుకు యాసిడ్ అంటే విషం. బ్యాటరీ ఆవిరి తగిలినా చాలు, పైకి కొత్తదానిలాగే మెరుస్తుంది, బరువు పడ్డప్పుడు తెగుతుంది. సముద్రం దగ్గర వాడిన కారబైనర్లను, అంటే తాడు తగిలించే లోహపు కొక్కేలను, మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టకపోతే ఉప్పు పట్టి వాటి గేటు, అంటే తెరుచుకునే పక్క, సరిగా మూసుకోదు. గేటు మూసుకోని కారబైనర్ బలం మూసినదాని బలంలో సగం కూడా ఉండదు.

నేను దగ్గరికి వెళ్లి, 'బాబూ, ఈ తాడు ఎప్పటిది? దీనికి రిజిస్టర్ ఉందా?' అని అడిగాను. ఆ కుర్రాడు మర్యాదస్తుడు. 'ఆఫీసులో అడగండి తాతగారూ' అన్నాడు. ఆఫీసుకు వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పి ఆ పిల్లాడి ఉద్యోగానికి ఎసరు పెట్టను. స్టోర్స్ అన్నారు, స్టోర్స్‌లో పర్చేజ్ అన్నారు, పర్చేజ్‌లో ఇన్వాయిస్ చూపించారు. ఎంతకు కొన్నారో అణాపైసలతో సహా ఉంది. ఎప్పుడు తయారైందో, ఎన్నిసార్లు వాడారో, ఎవరు పరీక్షించారో లేదు. తాడు ఎంత జాగ్రత్తగా దాచినా దానికి ఆయుష్షు ఉంటుంది. చాలా కంపెనీలు తయారైన పదేళ్లకు మించి వాడొద్దంటాయి, ఒక్క గట్టి కుదుపు తగిలినా ఆ రోజే పక్కన పెట్టమంటాయి. తేదీ లేని తాడు విషయంలో ఇవన్నీ ఎవరు చూడాలి?

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948 సెక్షన్ 29 ఏమనేదో తెలుసా? బరువులెత్తే గొలుసులు, తాళ్లు, స్లింగులు 12 నెలలకు ఒకసారైనా అర్హుడైన వ్యక్తి పూర్తిగా పరీక్షించాలి, రిజిస్టర్‌లో రాయాలి, ఎంత బరువు మోయగలదో దాని మీద కనపడేలా ఉండాలి. ఇనుప దిమ్మెను ఎత్తే తాడుకు ఉన్న మర్యాద మనిషిని ఎత్తే తాడుకు ఉండొద్దా? చట్టం ఉన్న చోటే ఏమవుతుందో ఈ ఊరికి తెలియంది కాదు. 2020 ఆగస్టు 1న షిప్‌యార్డులో కొత్త క్రేన్‌కు లోడ్ టెస్టింగ్ చేస్తుండగా కూలి 11 మంది పోయారు. అదే ఏడాది మే 7న స్టైరీన్ గ్యాస్‌కు 12 మంది. ప్రతిసారీ కమిటీ, నివేదిక, మౌనం.

మాక్ డ్రిల్ అన్న మాట వింటేనే ఈ ఊళ్లో నవ్వొస్తోంది. 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్‌లో తేలియాడే వంతెన ప్రారంభించిన మర్నాడే దాని చివరి భాగం విడిపోయి నీళ్లలో దూరంగా కనిపించింది. పరీక్ష కోసం మేమే విడదీశాం, మాక్ డ్రిల్ అన్నారు. సరే, నమ్మాం. అదే తెన్నేటి పార్కు కింద 2020లో బంగ్లాదేశ్ నౌక కొట్టుకొచ్చి రాళ్లెక్కితే రెస్టారెంటు చేస్తామన్నారు. అదీ నమ్మాం. కైలాసగిరికి రోప్‌వే ఉంది, ఇప్పుడు జిప్‌లైన్, గాజు వంతెన కూడా వచ్చాయి. సెల్ఫీల కోసం యారాడ రాళ్ల మీదికీ తొట్లకొండ కింది తీరానికీ ఎక్కే పిల్లలకు లెక్కే లేదు. జనాన్ని పైకి ఎక్కించే పథకాలకు శంకుస్థాపన ఫలకాలుంటాయి, కిందికి దించే జట్టుకు మాత్రం గోనెసంచి కూడా లేదు.

నేవీ ఉంది, కోస్ట్‌గార్డు ఉంది, హెలికాప్టర్ వస్తుంది అంటారేమో. వస్తుంది. కానీ 2022 ఏప్రిల్‌లో జార్ఖండ్‌లోని త్రికూట పర్వతం రోప్‌వే దగ్గర, హెలికాప్టర్లు వచ్చి ఎంతోమందిని కాపాడిన చోటే, తరలింపు సమయంలో ఇద్దరు అంత ఎత్తు నుంచి పడి చనిపోయారు. అంత శిక్షణ ఉన్నవాళ్లకే అంత కష్టమైన పని. ఏడాదికి ఒక్కసారి, అతిథి వచ్చిన రోజు మాత్రమే తాడు పట్టుకునేవాళ్లు చేయగలిగింది కాదు.

ఆ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. చురుకైనవాళ్లు, నేర్పితే నేర్చుకుంటారు. ఖలాసీ పని చేసి రిటైరైనవాళ్లు గాజువాక, మల్కాపురం, శ్రీహరిపురంలో వీధికి నలుగురు దొరుకుతారు. ఆదివారం పూట పిలిస్తే పైసా అడగకుండా వచ్చి ముడులు నేర్పుతారు. పిలవాలి కదా.

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజు కట్టి దరఖాస్తు ఇచ్చాను. అడిగినవి మూడే. ఆ తాళ్లు ఏ సంవత్సరంలో తయారయ్యాయి, చివరిసారి వాటిని పరీక్షించి సంతకం పెట్టింది ఎవరు, ముఖ్య అతిథి ఎవరూ లేకుండా ఆ జట్టు చివరిసారి ఎప్పుడు సాధన చేసింది. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వస్తే మీకూ ఒక నకలు పంపుతాను. డ్రిల్ ఫోటోకు ఇచ్చినంత చోటు దానికీ ఇవ్వండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రిగ్గింగ్ ఫోర్‌మన్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం