ఆట లేని 76 నిమిషాలు

ఫ్రాంక్‌ఫర్ట్,
ఆదివారం.

ఒరేయ్ రమణా,

ఎలా ఉన్నావురా? ఈ మధ్య క్రికెట్ కామెంటేటర్లు ఊపిరి తీసుకోకుండా వాగుతున్నారని పోయిన ఉత్తరంలో తెగ తిట్టావు కదా. అందుకే ఇవాళ నీకు మార్సెల్ రైఫ్ అనే ఫుట్‌బాల్ కామెంటేటర్ గురించి రాస్తున్నా. ఇక్కడ జర్మనీలో ఫుట్‌బాల్ చూసేవాళ్లలో ఆ గొంతు ఎరగనివాళ్లు అరుదు.

1998 ఏప్రిల్ 1న మాడ్రిడ్‌లో యూరప్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్. రియల్ మాడ్రిడ్‌కీ జర్మనీ జట్టు డార్ట్‌మండ్‌కీ పోటీ. ఇంకాసేపట్లో ఆట మొదలవుతుందనగా, గోల్ వెనకున్న కంచె మీదికి అభిమానులు ఎగబాకారు. గోల్ వలను ఆ కంచెకే కట్టారట! కంచె వంగింది, గోల్‌పోస్ట్ దానితోపాటు పడిపోయింది. ఇంకోటి ప్రాక్టీసు మైదానం నుంచి మోసుకురావాలి. ఆట 76 నిమిషాలు ఆలస్యం.

ఆర్‌టీఎల్ చానల్లో రైఫ్, యాంకర్ గుంటర్ యౌఖ్ ఏం చెయ్యాలి? చూపించడానికి ఖాళీ మైదానం తప్ప ఏమీ లేదు. ఇద్దరూ కబుర్లలో పడ్డారు. "ఇప్పుడే టీవీ పెట్టినవాళ్లకి చెబుతున్నా, మొదటి గోల్ అప్పుడే పడిపోయింది" అన్నాడు యౌఖ్. "ఒక గోల్ ఇంత మేలు చేసే ఆట ఎప్పుడూ చూడలేదు" అనే అర్థంలో రైఫ్ అందుకున్నాడు. ఆ కబుర్లు కోటీ ఇరవై లక్షల మందికి పైగా చూశారురా! అసలు ఆట మొదలయ్యేసరికి అందులో సగం మందే మిగిలారు. రియల్ 2-0తో గెలిచింది, అది ఎవరికి గుర్తుంది? ఆ రాత్రి కబుర్లకి ఇద్దరికీ బవేరియా టీవీ అవార్డు కూడా వచ్చింది.

రైఫ్ మొదట్లో క్రీడా విలేకరి కాదు. 1972లో జెడ్‌డీఎఫ్ అనే టీవీ చానల్లో చేరి రాజకీయ వార్తలు చూసేవాడు, కొన్నాళ్లు లండన్‌లో పనిచేశాడు. 1984లో స్పోర్ట్స్ వైపు వచ్చాడు. తర్వాత ఆర్‌టీఎల్, ఆపైన ప్రీమియర్ అనే పే చానల్. అదే తర్వాత స్కై అయింది. 2016 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌తో అక్కడ మైకు దించేశాడు. అందరికీ నచ్చాడనుకోకు. ఆట చప్పగా ఉంటే చప్పగా ఉందని మొహమాటం లేకుండా చెప్పేవాడు, దాన్ని పొగరు అనేవాళ్లు. 2015లో డార్ట్‌మండ్ అభిమానులు ఆయన కారు మీదికే వెళ్లారు. నాకైతే ఆ పొగరే ఇష్టం. ప్రతి బంతికీ గొంతు చించుకునేవాళ్లని వినీ వినీ విసిగిపోయాం కదా.

ఇంకో సంగతి చెప్పాలి. రైఫ్ 1949లో పోలండ్‌లో పుట్టాడు. నాన్న లియోన్ యూదుడు. నాజీల కాలంలో చావుకి తీసుకెళ్లే రైల్లోంచి బెర్తోల్డ్ బైట్జ్ అనే జర్మన్ ఆయన్ని దింపి బతికించాడు. కుటుంబం పోలండ్ వదిలి టెల్ అవీవ్ వెళ్లి, అక్కడినుంచి జర్మనీలోని కైజర్స్‌లౌటర్న్ చేరింది. అప్పటికి మనవాడికి ఏడెనిమిదేళ్లు. జర్మన్ అక్కడే నేర్చుకున్నాడు. అదే భాషలో బతుకంతా మాట్లాడి సంపాదించాడు చూడు! నాన్న మాత్రం ఆ రోజుల గురించి పిల్లల దగ్గర నోరు విప్పలేదు. ఆయన పోయాక అమ్మ ద్వారానే ఆ కథ తెలిసిందట.

2024 జనవరి 31న జర్మన్ పార్లమెంటు రైఫ్‌ని మాట్లాడమని పిలిచింది, నాజీల చేతిలో పోయినవాళ్ల స్మృతి సభకి. నాన్న మౌనానికి అక్కడ కృతజ్ఞత చెప్పుకున్నాడు. ఎదురుపడ్డ ప్రతి జర్మన్‌లోనూ తాతల్ని చంపినవాడు కనిపించకుండా పిల్లలు పెరగాలనే ఆయన నోరు మూసుకున్నాడని రైఫ్ నమ్మకం. నాన్న తరచూ అనే చిన్న మాటే చెప్పి ముగించాడు: "మనిషిలా ఉండు." చెబుతుంటే గొంతు పట్టేసింది, పార్లమెంటంతా లేచి నిలబడింది.

వీడియో దొరుకుతుంది, తప్పకుండా చూడు. ముందు మాడ్రిడ్‌ది చూస్తే ఇంకా బాగుంటుంది. చూశాక మన కామెంటేటర్లలో ఖాళీ మైదానం ముందు గంటంపావు నిలబడగలిగేవాడు ఎవడో రాయి. నాకు ఒక్క పేరూ తట్టడం లేదు.

అమ్మా నాన్నలకి నమస్కారాలు చెప్పు.

నీ
ప్రసాద్