మంత్రిగారూ, స్టాపులో ఒక బోర్డు పెట్టించండి

తెలంగాణ రవాణా శాఖ మంత్రిగారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మా అత్తగారికి హైదరాబాద్ చూపించాను. పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ ఆమె ఎన్నోసార్లు వచ్చారు గానీ, చార్మినార్‌ను ఏనాడూ దగ్గర నుంచి చూడలేదు. 2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైన దగ్గర నుంచీ "ఇంకేం అడ్డమే నీకు?" అని నన్ను నిలదీస్తూనే ఉన్నారు. ఆటో ఎక్కకుండా ఊరు చూసి రావాలని ఇద్దరం పంతం పట్టి, నల్లగొండలో తెల్లవారుజామునే ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

ఎంజీబీఎస్‌లో, అంటే మహాత్మాగాంధీ బస్టాండులో దిగి సాలార్‌జంగ్ మ్యూజియానికి నడిచే వెళ్లాం. అక్కడి సంగీత గడియారం ముందు జనం సినిమాకు కూర్చున్నట్టు కూర్చుంటారు. లోపల ఒక బుల్లి కమ్మరి సెకను సెకనుకూ సుత్తి దెబ్బ వేస్తుంటాడు. గంట కావస్తుండగా గడ్డపాయన తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి వెళ్లిపోతాడు. పదకొండు గంటలది చూశాక, పన్నెండు దెబ్బలు కూడా వినాల్సిందేనని అత్తగారు కదల్లేదు. వేళకు వచ్చి వేళకు పోయే మనిషిని చూడటం ఆమెకు అంత నచ్చింది.

చార్మినార్ దగ్గరా తొందరపడలేదు. 1591లో కట్టిన కట్టడం కింద నిలబడి, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశారు. చిక్కు వచ్చింది గోల్కొండకు బయలుదేరినప్పుడే.

పాతబస్తీలోకి మెట్రో రైలు ఇంకా రాలేదు. 2020లో సికింద్రాబాద్ జేబీఎస్ (జూబ్లీ బస్టాండు) నుంచి వచ్చిన లైను ఎంజీబీఎస్ దగ్గరే ఆగింది. కాబట్టి బస్సే దిక్కు. స్టాపు అని జనం చూపించిన చోట నీడ ఉంది, నగల దుకాణం ప్రకటన ఉంది. ఏ నంబరు బస్సు ఎక్కడికి వెళ్తుందో చెప్పే ముక్క ఒక్కటీ లేదు. ముగ్గురిని అడిగితే మూడు నంబర్లు చెప్పారు. బస్సు నుదుట ఊరి పేరు తెలుగులోనే ఉంటుంది, నిజమే. అత్తగారు అక్షరాలు కూడబలుక్కునేలోపు బస్సు మమ్మల్ని దాటిపోయేది. యాభై నిమిషాల తర్వాత పంతం వదిలి, రెండు వందల యాభై ఇచ్చి ఆటో ఎక్కాం. ఆమె పర్సులో ఉచిత ప్రయాణానికి ఇచ్చిన జీరో టికెట్ భద్రంగా మడత పెట్టి ఉంది.

గోల్కొండ చేరేసరికి పొద్దు వాలింది. మెట్లెక్కే వేళ కాదు. కోట ద్వారమైన ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు మాత్రం కొట్టాం. అక్కడి చప్పట్లు పైన కొండ కొసనున్న బాలాహిస్సార్‌లో వినబడతాయంటారు. వినడానికి పైన మా వాళ్లెవరూ లేరు.

కొత్త బస్సులు అడగటం లేదు, అయ్యా. ప్రతి స్టాపులో ఒక రేకు బోర్డు పెట్టించండి. ఈ స్టాపు పేరేమిటి, ఇక్కడ ఆగే బస్సుల నంబర్లేమిటి, ఏది ఎటు పోతుంది, చివరి బస్సు ఎన్నింటికి అన్నవి తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాయించండి. ఫోనులో అన్నీ ఉంటాయని మీ అధికారులు అనవచ్చు. మా అత్తగారి ఫోనుకు మీటలే ఉన్నాయి. అక్షరాలు మాత్రం నగల ప్రకటనలో ఉన్నంత పెద్దవిగా ఉండాలి. ఆమె కళ్లద్దాలు ఊళ్లోనే మరిచిపోయి వస్తుంటారు.

సంక్రాంతి వెళ్లగానే గోల్కొండ మెట్లెక్కడానికి మళ్లీ వస్తామన్నారు. ఈసారి కూడా ఆటో వద్దంటున్నారు.

ఇట్లు,
నల్లగొండ నుంచి ఒక ప్రయాణికురాలు