ఫిర్యాదు: ఒకే పెట్టె, ఒకే పేరు, లోపల వేరే బుల్లెట్

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ రకం, 180 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు, సుమారు 11.7 గ్రాములు) వేట తూటాలలో బుల్లెట్ రకాన్ని తెలియజేయకుండా మార్చడం గురించి.

ఆర్యా,

నేను ఆరేళ్లుగా మీ కంపెనీ తూటాలనే వాడుతున్నాను. ఇటీవల కొన్న రెండు పెట్టెల విషయంలో రెండుసార్లు ఫోన్ చేసినా సరైన జవాబు దొరకకపోవడంతో ఈ లేఖ రాయవలసి వచ్చింది.

నాకు ఉన్నది ఒక్కటే రైఫిల్. చిన్న జింక మొదలుకొని అడవిపంది వరకు, లైసెన్సు అనుమతించిన మేరకు, అన్నింటికీ దానినే వాడతాను. కొనే ముందు చాలా కాలం ఆలోచించి .30-06ను ఎంచుకున్నాను. అది 1906లో అమెరికా సైన్యం స్వీకరించిన పాత తూటాయే అయినా, 110 నుంచి 220 గ్రెయిన్ల దాకా బుల్లెట్లు దొరికే వెసులుబాటు దానికి ఉంది. .270 వించెస్టర్ దూరపు జింకకు చక్కగా సరిపోతుంది గానీ దానిలో బరువైన బుల్లెట్లు తక్కువ. .375 హెచ్ అండ్ హెచ్ ఎంత పెద్ద జంతువునైనా పడగొడుతుంది గానీ దాని కిక్‌కు భుజం జంకుతుంది, భుజం జంకినవాడి గురి నిలవదు. .308 వించెస్టర్ కూడా దాదాపు సరిపోయేదే, 180 గ్రెయిన్ల బుల్లెట్‌తో .30-06 కంటే సెకనుకు సుమారు 80 అడుగులు వెనుకబడుతుంది, అంతే. ఇవన్నీ తూచి చూసుకున్న తరువాతే, ‘అన్ని వేటలకూ ఒకే తూటా’ అని మీ ఉత్పత్తుల పుస్తకంలో అచ్చువేసిన రకాన్ని నమ్మి కొనసాగించాను.

ఆ నమ్మకానికి ఆధారం తూటా పేరు కాదు, దాని ముందు భాగంలో ఉండే బుల్లెట్. నేను మొదట కొన్న పెట్టెలలో ఉన్నది బాండెడ్ రకం, అంటే లోపలి సీసాన్ని రాగి తొడుగుకు విడిపోకుండా అతికించినది. దగ్గరలో గట్టి ఎముకకు తగిలినా అది ముక్కలు కాకుండా లోపలికి దిగుతుంది, దూరంలో వేగం తగ్గినా విచ్చుకుంటుంది. ఒకే తూటాతో అన్ని వేటలూ చేయాలనుకునేవాడికి ఈ రెండు గుణాలూ కలిసి ఉండటమే ముఖ్యం.

గత సీజన్లో నలభై గజాల దూరాన ఒక అడవిపంది భుజం మీద కాల్చాను. అది పడలేదు, పొదల్లోకి పరుగెత్తింది. నెత్తుటి చుక్కల వెంట దాదాపు మూడు గంటలు నడిచి రెండో తూటాతో దాని బాధ ముగించాను. కోసి చూస్తే భుజం ఎముక దగ్గర నలిగిన రాగి రేకు ఒకటి, చుట్టూ రవ్వల్లా చిందిన సీసం కనిపించాయి. రేకుకు అంటుకున్న సీసంతో కలిపి తూకం వేస్తే 180 గ్రెయిన్లలో మిగిలింది 71.

అనుమానం వచ్చి, పాత పెట్టెలో మిగిలిన ఒక తూటా నుంచీ కొత్త పెట్టెలోని ఒక తూటా నుంచీ బుల్లెట్లను ఊడదీసి, రెండింటినీ నిలువుగా రంపంతో కోశాను. పాతదానిలో సీసానికీ రాగికీ మధ్య గోరు కూడా దూరలేదు. కొత్తదాని సగాన్ని మేకు మొనతో తోస్తే సీసం పప్పుబద్దలా ఊడి బల్ల మీద పడింది. పెట్టె రంగు అదే, పేరు అదే, ఉత్పత్తి సంఖ్య కూడా అదే.

మీ ఫోన్ ప్రతినిధి నాతో అన్నది ఇది: ‘రెండూ 180 గ్రెయిన్లే కదండీ, తేడా ఏముంటుంది?’ తేడా ఏమిటో ఆ పంది చెప్పగలిగేది. తొడుగుకు అతికించని మామూలు సీసపు బుల్లెట్ చెడ్డదని నేను అనడం లేదు. 200 గజాల దగ్గరికి చేరేసరికి సెకనుకు సుమారు నాలుగు వందల అడుగుల వేగం తగ్గిపోతుంది కాబట్టి అక్కడ జింకకు అది బాగానే పనిచేస్తుంది. దగ్గరలో, వేగం పూర్తిగా ఉన్నప్పుడు, లావు ఎముక మీదనే అది చెదిరిపోతుంది. మరి ఆ బుల్లెట్‌ను అన్ని వేటలకూ తగినదని మీరు ఎలా అమ్ముతున్నారు?

మీ పెట్టె మీదా, పుస్తకంలోనూ ఉన్న మరి రెండు మాటలు కూడా నిలవడం లేదు. పెట్టె మీద వేగం సెకనుకు 2,700 అడుగులని ఉంది, ఏ పొడవు రైఫిల్ గొట్టంతో కొలిచారో లేదు. నా 22 అంగుళాల గొట్టంతో క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) మీద ఐదు తూటాల సగటు 2,600 వచ్చింది. మీరు 24 అంగుళాలతో కొలిచారనుకున్నా, రెండు అంగుళాలకు పోయేది యాభై అడుగుల చుట్టుపక్కలే. వేగంలో ఈ వంద అడుగుల తేడా చూడటానికి చిన్నదే అయినా, శక్తి వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి అక్కడ ఏడు శాతం దాటి కోత పడుతుంది. ఇక 150 గ్రెయిన్ల రకానికి మారినా స్కోపు జీరో (గురి పెట్టిన చోటే దెబ్బ పడేలా గురి అద్దాన్ని సరిచేసిన అమరిక) మార్చనక్కరలేదన్న సలహా అయితే నన్ను విస్మయపరచింది. అలా మార్చి చూస్తే 100 గజాల దగ్గరే దెబ్బలు రెండున్నర అంగుళాలు పక్కకు పడ్డాయి. బుల్లెట్ బరువు మారితే జీరో మళ్లీ సరిచూసుకోవాలని కొత్తగా నేర్చుకునేవాడికి కూడా మొదటి రోజే చెబుతారు.

కాబట్టి బుల్లెట్‌ను ఎప్పటి నుంచి, ఏ లాట్ (ఒకేసారి తయారైన తూటాల విడత) నుంచి మార్చారో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. ఇకపై పెట్టె మీద బుల్లెట్ నిర్మాణం, వేగాన్ని కొలిచిన గొట్టం పొడవు అచ్చువేయండి. పాత బాండెడ్ రకాన్ని ఆపివేసి ఉంటే, కొత్తదానికి వేరే పేరు పెట్టండి. అదే పేరు చూసి కొనేవాళ్లు నేనొక్కడినే అయి ఉండను.

రెండు పెట్టెల నలభై తూటాలలో ఎనిమిది ఖర్చయ్యాయి, మిగిలిన ముప్పై రెండు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. లాట్ సంఖ్య, కొనుగోలు రసీదు, కోసిన రెండు బుల్లెట్ల ఫొటోలు జతపరిచాను. ఆ తూటాలను వెనక్కి తీసుకుని బాండెడ్ రకం ఇస్తారో, డబ్బు తిరిగి చెల్లిస్తారో పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
భవదీయుడు,
మీ తూటాల కొనుగోలుదారుడు