వరద ఏడాది తర్వాత మన బడి సంగతులు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

విద్యా సంవత్సరం ముగిసింది. వరద తర్వాత బడి ఎలా నడిచింది, డబ్బు ఎక్కడికి పోయింది, ఇంకా ఏం బాగుచేయాలి అని చాలామంది అడుగుతున్నారు. గేటు దగ్గర ఒకరికి సగం, ఇంకొకరికి సగం చెప్పడం నాకు నచ్చలేదు. అందుకే అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

కొత్తగా చేరుతున్నవాళ్ల కోసం రెండు మాటలు. వానాకాలం మొదట్లో ఒక రాత్రి మన బడి కింది అంతస్తు నడుము లోతు మునిగింది. ఆఫీసు, లైబ్రరీ, కంప్యూటర్ గది, నర్సరీ గదులు అన్నీ అక్కడే. పిల్లలు ఇళ్లలో ఉన్న వేళ కావడం మన అదృష్టం. ఆ సాయంత్రం మబ్బు పట్టిన తీరు చూసి, ఎవరూ చెప్పకుండానే, మన డ్రైవర్లు బస్సులన్నీ మెట్ట మీదికి తీసుకెళ్లి పెట్టారు. వాళ్లు ఆ పని చేయకపోతే ఈ ఏడాది బస్సు అన్న మాటే ఉండేది కాదు. నా మొదటి నమస్కారం వాళ్లకే.

నీళ్లు తీశాక నాకు ఎక్కువ టెన్షన్ పెట్టినవి బల్లలు, కంప్యూటర్లు కావు. అడ్మిషన్ రిజిస్టర్లు. ఎప్పుడో చదివి వెళ్లిన విద్యార్థి సర్టిఫికెట్ కోసం వస్తే మేం తెరిచి చూసేది వాటినే. తడిసిన కాగితానికి ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. ఎండలో పరిచేద్దామని నేనన్నాను. లైబ్రరీ చూసే టీచరు ఒప్పుకోలేదు. ఎండకు సిరా వెలిసిపోతుంది, అట్టలు వంకర పోతాయి అన్నారు. పై అంతస్తులో ఫ్యాన్ల కింద కొన్నింటిని విప్పి పెట్టి, పేజీల మధ్య తెల్ల కాగితాలు దూర్చి, అవి తడి పీల్చగానే మార్చుకుంటూ పోయారు. ఆయమ్మలు, పాత విద్యార్థులు రాత్రిళ్లు కూర్చుని ఆ కాగితాలు మార్చారు. అన్నీ ఒకేసారి ఆరబెట్టడం సాధ్యం కాదు కాబట్టి మిగతావి కవర్లలో చుట్టి డీప్ ఫ్రీజర్లో పెట్టాం. చలికి బూజు చావదు గానీ పెరగడం ఆగుతుంది. తర్వాత కొన్ని కొన్ని తీసి తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు. ఆ ఫ్రీజర్ ఒక విద్యార్థి తల్లిది. తన వ్యాపారం ఆపుకుని ఖాళీ చేసి ఇచ్చారు. రిజిస్టర్లన్నీ దక్కాయి. లైబ్రరీ పుస్తకాల్లో ఎక్కువ భాగం దక్కలేదు.

కరెంటు పని కూడా ఒక తండ్రి చేతి మీదుగానే జరిగింది. నీళ్లు తగిలిన స్విచ్చులు, ప్లగ్గులు ఒక్కటి కూడా మిగల్చకుండా పీకించారు. పైకి ఆరినట్టు కనిపించినా లోపల తుప్పు పడుతుందని, పిల్లలు చెయ్యి పెట్టే చోట అలాంటివి ఉంచకూడదని పట్టుబట్టారు. సంపు కడిగించి క్లోరిన్ వేయించాం. వేసిన అరగంట తర్వాత కూడా లీటరు నీటిలో కనీసం 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందని పరీక్షలో తేలాకే కుళాయిలు విప్పాం. అప్పటిదాకా ఇంటి నుంచి నీళ్ల సీసాలు పంపమంటే ఒక్కరు కూడా విసుక్కోలేదు.

పక్క వీధి స్కూలు గురించి తప్పకుండా చెప్పాలి. అడ్మిషన్ల సీజన్లో వాళ్లూ మేమూ పోటీ పడేవాళ్లమే. అయినా ఆ యాజమాన్యం తమంతట తాముగా వచ్చి, మధ్యాహ్నం నుంచి తమ గదులు మనకు ఇచ్చింది. ఉదయం వాళ్ల పిల్లలు, మధ్యాహ్నం మన పిల్లలు. అద్దె మాట ఎత్తితే వద్దన్నారు. పదో తరగతి వాళ్లకు సిలబస్ సమయానికి పూర్తయిందంటే ఆ గదుల వల్లే.

ఇక డబ్బు. ఇలాంటి చిన్న బడిలో వచ్చే ఫీజులో పెద్ద భాగం జీతాలకే వెళ్తుంది. ఫీజు విడతల్లో వస్తుంది, జీతం మాత్రం నెలనెలా ఇవ్వాలి. వరద నెలల్లో ఆ రెండింటికీ పొంతన కుదరలేదు. ఇన్సూరెన్స్ కంపెనీ సామాను పాతబడిందని తరుగుదల కింద కోత వేసింది. చేతికొచ్చిన దానితో పాత బల్లల స్థానంలో కొత్తవి సగం కూడా రాలేదు. టీచర్లు జీతంలో కొంత తర్వాత తీసుకుంటామన్నారు. వాళ్ల ఇళ్లల్లోనూ అద్దెలు, మందుల ఖర్చులు ఉంటాయని తెలిసీ నేను సరేనన్నాను, వేరే దారి లేక. ఆ బాకీ అంతా తీర్చాకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొందరు తల్లిదండ్రులు రెండో విడత ముందుగానే కట్టారు. ఇళ్లు మునిగినవాళ్లు గడువు అడిగారు, ఇచ్చాం. కొందరు టీసీ తీసుకుని వెళ్లారు. పిల్లల చదువు ఆగకూడదని వెళ్లిన వాళ్ల మీద నాకు ఏ మనస్తాపమూ లేదు. తిరిగి వస్తే సంతోషం.

పిల్లల సంగతి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. మబ్బు కమ్మగానే చిన్న క్లాసులవాళ్లు పలకలు వదిలేసి కిటికీల వైపు చూసేవారు, కొందరు ఏడ్చేవారు. భయపడొద్దు అని చెప్తే భయం పోదు. సైన్స్ టీచరు మేడ మీద వాన కొలిచే సీసా పెట్టించారు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. వంద చదరపు మీటర్ల మేడ మీద పది మిల్లీమీటర్లు పడితే వెయ్యి లీటర్లు. ఈ లెక్క ఐదో తరగతి వాళ్లు చేసి, కింది క్లాసులకు వెళ్లి చెప్పారు. ఇప్పుడు వాన మొదలైతే ఎంత పడిందో చూసొస్తామని మేడ మీదికి పరుగెత్తే వాళ్లను ఆపడమే మా పని. ఈ ఏడాది నాకు అన్నిటికన్నా ఎక్కువ ధైర్యం ఇచ్చింది ఇదే.

వచ్చే ఏడాది ట్యూషన్ ఫీజు పెంచడం లేదు. బస్సు ఫీజు మాత్రం కొంచెం పెరుగుతుంది. డ్రైవర్ల జీతం పెంచుతున్నాం, కారణం పైన చదివారు. కంప్యూటర్ గది ఈ ఏడాది తెరవలేం. నర్సరీ పిల్లలు ఇంకా పై హాల్లోనే కూర్చుంటారు, మెట్ల దగ్గర ఒక ఆయమ్మ ఎప్పుడూ ఉంటారు. తడిసిన ఇటుక గోడ లోపలి దాకా ఆరాలంటే అంగుళం మందానికి దాదాపు ఒక నెల పడుతుంది. తొందరపడి రంగు వేస్తే లోపలి తేమకు పొక్కులు లేస్తుంది, బూజు వాసన పోదు. గోడలు వికారంగా ఉన్నాయని కొందరన్నారు, నిజమే. ఆరేదాకా మాత్రం రంగు వేయించను, పిల్లలను అక్కడ కూర్చోబెట్టను.

వరద ఖర్చుల పుస్తకం, వచ్చిన విరాళాల రసీదులు ఆఫీసులో ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూడవచ్చు. లైబ్రరీకి కథల పుస్తకాలు ఇవ్వాలనుకునేవాళ్లు బడి వేళల్లో లైబ్రరీ టీచరుకు అందించండి. ఒకసారి తడిసి ఆరిన పుస్తకాలు మాత్రం దయచేసి పంపకండి, వాటి బూజు మంచివాటికి కూడా పాకుతుంది.

మీ
కరస్పాండెంట్