ఈ ఏడాది మనం తిరిగిన తిరుగుడు: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. రిపోర్టు లేటయింది, తప్పు నాదే, ట్రెజరర్ అన్న లెక్కలు ఎప్పుడో ఇచ్చేశాడు.

ముందుగా ఒక దిద్దుబాటు. పోయినేడు రిపోర్టులో మన ఊరు కావలి చరిత్ర గురించి రెండు ముక్కలు రాస్తా ఎరుకల వాళ్ళని "నేరస్థ జాతి" అని అచ్చేశాం. అచ్చేశాం అంటే రాసింది నేనే. మీటింగులో వెనక వరసలోంచి ఒకామె లేచి "ఆ పేరు ఎవురు పెట్టారు సార్, మా తాత పెట్టుకున్నాడా?" అని అడిగింది, నాకు నోట మాట రాలేదు. ఈ ఏడాదంతా సంచార జాతుల మీదే కార్యక్రమాలు పెట్టుకోడానికి కారణం ఆమె ప్రశ్నే, టాపిక్ కొత్తగా ఉందని కాదు.

మొదటి మీటింగు చట్టం గురించి. 1871లో తెల్లోళ్ళు ఉత్తరాదిలో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చారు, 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఒక కులాన్నో తెగనో గెజిట్‌లో వేస్తే చాలు, ఇంక దాంట్లో పుట్టినోడు పేరు రాయించుకోవాల, వేలిముద్రలెయ్యాల, చెప్పిన టైముకి హాజరు పలకాల, పక్కూరు పోవాలన్నా పాసు ఉండాల. దొంగతనం చేశాడా లేదా అనేది ఎవురికీ పట్టలా. ఇట్టా పేర్లెక్కినోళ్ళని కాపలాలో ఉంచడానికి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ వాళ్ళు 1913-14 ప్రాంతంలో పెట్టిన సెటిల్మెంటు స్టూవర్టుపురం అందరికీ తెలుసు, సినిమాల పుణ్యమా అని ఆ ఊరి పేరు చెప్తేనే జనం జేబులు తడుముకుంటారు. మన కావలిలో కూడా అట్టాంటి సెటిల్మెంటే ఉండేదని, అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ నడిపిందని చెప్తే మనోళ్ళలో సగం మంది నమ్మలేదు. ఇక్కడే పుట్టి పెరిగినోళ్ళం, ఆ పక్కనించే స్కూలుకి పొయినోళ్ళం! మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టాన్ని 1947లోనే తీసేశారు, కానీ మరుసటేడే అలవాటు నేరగాళ్ళ చట్టం అని ఇంకోటి తెచ్చారు. ఆ తర్వాత మన తిరుచానూరు అనంతశయనం అయ్యంగారు గారి కమిటీ దేశమంతా విచారించి రిపోర్టు ఇచ్చింది, దేశం మొత్తం మీద రద్దయింది మాత్రం 1952 ఆగస్టు 31న. అందుకే ఆ రోజుని విముక్త దినం అని చేసుకుంటారు, ఈసారి మనమూ చేశాం, వానొచ్చి జనం పల్చగా వచ్చారనుకోండి.

రెండో మీటింగే నా మటుకు నాకు ఏడాదికంతా ముఖ్యమైంది. అసలు వీళ్ళు ఎందుకు తిరిగేవాళ్ళు? ఎరుకల్లో ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల అని తెగలున్నాయి కదా, ఆ పేర్లలోనే జవాబుంది. సముద్రపొడ్డున ఉప్పు కొఠారుల దగ్గర ఉప్పు పోసుకోని, ఎద్దుల మీద గాడిదల మీద పెరికెలేసుకోని పడమటి మెట్ట ఊళ్ళకి పోవడం, అక్కడ ఉప్పిచ్చి గింజలు తీసుకోవడం, దార్లో ఎదురుబొంగు దొరికితే బుట్టలల్లి అమ్ముకోవడం, ఆడోళ్ళు సోది చెప్పడం, మళ్ళీ తూర్పుకి రావడం. ఇసకపల్లి, కనుపర్తి, చినగంజాం పేర్లు చెప్తే మనకి ఉప్పు మడులే గుర్తొస్తాయి, ఆ ఉప్పు ఉదయగిరి అవతల కుండలోకి ఎట్టా చేరిందో మనం ఎప్పుడూ ఆలోచించలా. లారీ లేదు, రైలు లేదు, బాట కూడా సరిగ్గా లేదు, వీళ్ళే మోశారు. లంబాడీలూ అంతే, వేల ఎద్దుల మీద సైన్యాలకి ధాన్యం తోలినోళ్ళు.

మరి ఎట్టా చెడింది? 1805లో మద్రాసులో ఉప్పు మీద ఈస్టిండియా కుంపిణీ గుత్తాధిపత్యం పెట్టింది, తర్వాత ధాత కరువు (1876-78) లో ఎద్దులూ పొయినాయి, ఊళ్ళలో గింజలూ పొయినాయి, దాని వెనకాలే రైళ్ళు రోడ్లు వచ్చి మిగిలిన బేరం కూడా లాక్కున్నాయి. అడవిలో ఎదురుబొంగు కొట్టాలన్నా ఫారెస్టోళ్ళ చట్టం అడ్డం. అంటే చేతిలో పని తీసేసింది తెల్లోళ్ళే, పని లేకుండా తిరుగుతున్నారని రిజిస్టర్‌లో ఎక్కించిందీ వాళ్ళే. ఇది విన్నాక మా పెద్దాయన ఒకరు "తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవు అని మనమే సామెత కట్టుకున్నాం గదయ్యా, దొరలనేం లాభం" అన్నారు. నిజమే, మన దగ్గర దేశదిమ్మరి అంటే తిట్టే.

సాహిత్యం మీటింగు కొంచెం గోలగా జరిగింది. పద్మావతి సంగతి చెప్పడానికి వెంకటేశ్వర స్వామి ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు ఇంటికి పొయిన కథ అందరికీ తెలిసిందే, హరికథల్లో విన్నదే. రాణిగారు ఆమెని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, కూతురి జాతకం అడిగింది. దేవుడికి కూడా ఎవురూ ఆపకుండా అంతఃపురం దాకా పొయ్యే వేషం అదొక్కటే దొరికిందంటే, ఒకప్పుడు ఆ సోది గంప మీద ఎంత నమ్మకం ఉండేదో చూడండి. అదే ఎరుకలసాని 1911 తర్వాత వచ్చుంటే పాసు చూపించమనేవాళ్ళు అని మన తెలుగు మాస్టారు అన్నారు, హాలంతా నవ్వింది, వెనకామె నవ్వలా. దానికి కొనసాగింపుగా పెంచలకోన ట్రిప్పు వేశాం, నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్న చోటు కదా. బస్సు దార్లో రెండుసార్లు ఆగిపోయింది, అదో పురాణం, వదిలేద్దాం.

యూరప్‌లో రోమా జనం గురించి మన ఇంజనీరింగ్ పిల్లోడు మాట్లాడాడు. వాళ్ళ భాషలో నీళ్ళని పానీ అంటారని, ఒకటి రెండు అంకెలు యెక్, దుయ్ అని, అవి మన ఉత్తరాది నుంచి పొయినవే అని, ఏడు ఎనిమిది తొమ్మిది మాత్రం గ్రీకు భాష నుంచి దారిన ఏరుకున్నవని చెప్తే భలే అనిపించింది. నాజీలు వాళ్ళనీ చంపారనేది చాలామందికి కొత్త సంగతి. ఇబ్న్ ఖల్దూన్ అనే అరబ్ చరిత్రకారుడు 1377లోనే సంచార జనం, ఊరి జనం మధ్య లాగులాట మీద పెద్ద పుస్తకం రాశాడట, అది ఆ పిల్లోడు ఇంకోసారి చెప్తానన్నాడు.

సంకురాత్రికి ఒక తప్పు జరిగింది, అది కూడా రాయాల. గంగిరెద్దులాయన్ని, బుడబుక్కలాయన్ని పిలిచి ప్రోగ్రాం పెట్టాం, వాళ్ళు సన్నాయి ఊదుతుంటే మనోళ్ళంతా ఫోన్లు ఎత్తి వీడియోలు తీసుకున్నారు, అయిపొయినాక శాలువా కప్పి పంపిచ్చేశాం. ఎద్దు మేతకి, రానూపోనూ ఖర్చుకి ఎవురూ ఒక్క రూపాయి అనుకోలా. ఆయనే అడిగాడు, "శాలువా ఎద్దు తినదు గదా సామీ" అని. ఆ సాయంత్రమే చందాలేసి ఇచ్చాం, అయినా సిగ్గే. ఇకమీద పిలిస్తే ముందే బేరం మాట్లాడి అడ్వాన్సు ఇవ్వాలని కమిటీ తీర్మానం చేసింది.

పొలాల్లో తిరిగిన రోజు మాత్రం బాగా జరిగింది. సంచారం అంటే ఏదో పాతకాలం సంగతి అనుకుంటాం, వరికోతలయ్యాక పెన్నా ఆయకట్టులో చూడండి. మెట్టనుంచి గొర్రెల మందలు దిగుతాయి, రైతు పిలిచి పొలంలో మంద కట్టించుకుంటాడు, రాత్రిళ్ళు పడే పెంటకి కాపరికి డబ్బులో ధాన్యమో ముట్టాల్సిందే. బాతులోళ్ళు రాలిన గింజలు తినిపిస్తా మడి మడికి పోతుంటారు. కాపరి ఒకాయన జోడిపి, పల్ల, దొర గొర్రెలని పక్కపక్కన నిలబెట్టి చూపించాడు: జోడిపికి కళ్ళ చుట్టూ, మూతి మీద నల్లమచ్చలు, పల్ల మొత్తం తెలుపు, దొర ఎరుపు. ఏ ఊళ్ళో ఏ వారం నీళ్ళుంటాయో, ఎవురి పొలం ఎప్పుడు ఖాళీ అవుతుందో ఆయన నోటిమీద చెప్తాడు, మన దగ్గర క్యాలెండర్ ఉండి కూడా మీటింగు తేదీ గుర్తుండదు.

కాగితాల పని కూడా కొంచెం చేశాం. పూసలమ్ముకుంటా తిరిగే నక్కల వాళ్ళని 2002 చట్టంతో మన రాష్ట్రంలో ఎస్టీల్లో చేర్చారు, అయినా సర్టిఫికెట్టుకి పోతే శాశ్వత చిరునామా అడుగుతారు, గుడారానికి డోర్ నంబర్ యాడనుంచి తెస్తారు? కొందరికి ఫారాలు నింపిచ్చాం, ఒక ఆఫీసులో మూడుసార్లు తిప్పారు, రెండు దరఖాస్తులు ఇంకా అక్కడే ఉన్నాయి, ఎవురికైనా వీలుంటే ఫాలో అప్ చెయ్యండి.

లెక్కలు వేరే కాగితంలో ఉన్నాయి. పెంచలకోన బస్సుకి అనుకున్నదానికంటే ఎక్కువైంది, చందా సగం మందే కట్టారు.

వచ్చే ఏడాది ఇసకపల్లి నుంచి ఉదయగిరి దాకా పాత ఉప్పు బాటన నడవాలని ప్లాను, నాలుగైదు రోజులు పట్టొచ్చు. వెనక వరసలో కూర్చున్న ఆమె వాళ్ళ మామని తీసుకొస్తానంది, ఆయనకి చిన్నప్పుడు విన్న దారి పేర్లు గుర్తున్నాయంట. వచ్చే ఏడాది రిపోర్టులో ఆ భాగం ఆమే రాస్తుంది. నడిచేవాళ్ళు ట్రెజరర్ అన్న దగ్గర పేరు రాయించుకోండి, సద్ది ఎవురిది వాళ్ళే కట్టుకోవాల, మోయడానికి గాడిద కోసం మాత్రం అడుగుతున్నాం.